బట్టీ గుంటలో బంగారుతీగ

శుక్రవారం పొద్దున పదిన్నరకి ఇన్సూరెన్సమ్మ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన మనిషి, కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని నిలబడి గోడ గడియారం వైపు చూశాడు. "అది నాలుగు నిమిషాలు వెనక నడుస్తోందమ్మా" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన పని గుర్తొచ్చి ముఖం పాలిపోయింది.

ఇన్సూరెన్సమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టదు. కాలిపోయిందన్న గోదాము నిజంగా కాలిందా, పోయిందన్న నగ నిజంగా పోయిందా అని తేల్చే ఉద్యోగం ఒక బీమా కంపెనీలో ఇరవై రెండేళ్ళు చేసింది. అది మానేసి డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా పాత పిలుపు వదల్లేదు. ఆవిడ సహాయకుడు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆవిడకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నేరం జరిగిన చోటు బొమ్మ గీస్తారు, సాక్షి చెప్పిన సంగతి బొమ్మ గీస్తారు, ఆవిడ నోరు తెరిస్తే చాలు 'ఆహా' అంటారు. ఆయన బొమ్మల్లో కల్పన మాత్రం మచ్చుకైనా ఉండదు. విన్నది విన్నట్టు దించేస్తారు. ఆ ఒక్క గుణానికే ఆవిడ మిగతావన్నీ భరిస్తోందని గిట్టనివాళ్ళ మాట.

"నేను గడియారాల మేస్త్రీనండి" అన్నాడు వచ్చినాయన. "మార్కెట్టు వీధి చివర మెట్ల కింద కొట్టు నాదే. నా మీద దొంగతనం మోపారు."

"ఏం పోయింది?"

"చేప."

మాస్టారి పెన్సిలు ఆగింది. ఇన్సూరెన్సమ్మ నవ్వలేదు. "ఎంత చేప?" అని అడిగింది.

మేస్త్రీ కుర్చీ వదిలేసి రెండు చేతులూ బారుగా చాచి, కాస్త తగ్గించాడు. పెంచి చెప్పే మనిషి కాదని ఆవిడకి అక్కడే అర్థమైంది.

"బంగారుతీగండి. ముక్కు పక్కన తెల్లటి చుక్క ఉంటుంది. ముక్కుపుడక అని పిలుస్తాం. ఊరి చివర ఇటుక బట్టీ ఉండేది కదా, దానికోసం మట్టి తవ్విన గుంట వాననీళ్ళతో నిండింది. బట్టీ మూసేశాక పెద్దాయన అందులో చేపపిల్లల్ని వదిలారు. అప్పటి పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే. రోజూ సాయంత్రం అయిదింటికి ఒడ్డుకొస్తుంది, ఆయన ఉడికించిన గింజలు వేస్తారు. మంగళవారం సాయంత్రం నుంచి రావడం లేదు."

మెల్లగా మిగతాది బయటికొచ్చింది. గుంట పెద్దాయన సొంతం. అందులో గాలం వేయడానికి ఆయన ముగ్గురికే మాటిచ్చాడు. డబ్బు లేదు, కాగితం లేదు, ఒట్టి మాట. ఒకరు కాంపౌండరు, పెద్దాయన చిన్ననాటి స్నేహితుడు. రెండు మేస్త్రీ, పంతొమ్మిదేళ్ళుగా వస్తున్నాడు. మూడు బస్సు డ్రైవరు, వచ్చి రెండేళ్ళు. ఎవరి చోటు వాళ్ళది, ఎవరి తాళం చెవి వాళ్ళది. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లుంటుంది, దాన్ని నొక్కేసి చదును చేశాకే నీళ్ళలో వేయాలి. పడ్డ చేపని తడిచేత్తో పట్టుకోవాలి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేయాలి. ఇంటికి తీసుకుపోకూడదు.

"బుధవారం పొద్దున నా చోట్లో పొలుసులూ, ముల్లు నొక్కని గాలమూ దొరికాయట. నేను ముక్కుపుడకని లాగి గోనెసంచిలో వేసుకుంటుంటే కళ్ళారా చూశానని కాంపౌండరు గారు చెప్పారట. ఇవేవీ నాకు తెలీదు. గురువారం వెళ్ళి గేటు తాళంలో చెవి పెట్టాను. తిరగలేదు. పాడైందేమో, బాగుచేసి పెడదామని జేబులోంచి పనిముట్లు కూడా తీశానమ్మా. లోపల్నించి డ్రైవరు పరిగెత్తుకొచ్చి, 'మేస్త్రీ గారూ, వద్దు, తాళం మీ కోసమే మార్చారు' అన్నాడు."

అంతవరకూ చెప్పి ఆయన కూర్చున్నాడు.

"మంగళవారం ఎక్కడున్నారు?"

"గుంట దగ్గరే. రెండున్నరకి లేచి వచ్చేశాను. సాయంత్రానికి ఇస్తానన్న గోడ గడియారం ఒకటుంది. కొట్టు తలుపు సగం దించుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. నన్నెవరూ చూడలేదు."

"ఇప్పుడు మీకు కావలసిందేమిటి? మళ్ళీ గుంట దగ్గరికి రానివ్వాలనా?"

"అది కాదమ్మా. ఆదివారం పదింటికి గేటుకి బోర్డు పెడుతున్నారు. నా కొట్టు గుర్తు చెప్పి, చేప దొంగ, ప్రవేశం లేదు అని. మార్కెట్టుకెళ్ళే జనమంతా ఆ గేటు ముందునుంచే నడుస్తారు. వాళ్ళు వాచీలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. రసీదు అడిగినవాడు లేడు. ఆ బోర్డు చదివాక దొంగ చేతికి వాచీ ఎవరిస్తారు?"

"రెండు రోజులున్నాయి" అంది ఇన్సూరెన్సమ్మ, గొడుగు అందుకుంటూ. "మాస్టారూ, మెత్తటి పెన్సిళ్ళు కూడా పెట్టుకోండి."

"ఆహా" అన్నారు మాస్టారు.

గుంట ఒడ్లు నిట్టనిలువుగా, ఎర్రమట్టితో ఉన్నాయి. ఒక పక్క సగం కూలిన బట్టీ పొగగొట్టం, దాని నీడలో జమ్ము. మేస్త్రీ చోటు అదే. అక్కడ జమ్ము తొక్కి పడుంది. సరిగ్గా ఎదుటి ఒడ్డున, మెట్టులా చెక్కిన మట్టి మీద కాంపౌండరు చోటు. డ్రైవరు చోటు గేటు పక్కన, కాస్త లోతు తక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళకి అన్నిచోట్లా మిగిలేది అదే.

డ్రైవరు మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుని యూనిఫాంలోనే ఉన్నాడు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. ఆయన బూట్లు చూసి మాస్టారు ఇన్సూరెన్సమ్మ చెవిలో, "జమ్ము తొక్కింది ఇవే అయుండాలి మేడమ్" అని ఊదారు. వచ్చిన ప్రతి కేసులోనూ మాస్టారికి మొదట కనపడ్డ బూట్ల మీదే అనుమానం.

"మంగళవారం మీరెక్కడ?" అని అడిగింది ఆవిడ.

"బస్సులో. యాభై మంది సాక్షులు. అందులో పదిమంది నన్ను తిట్టారు కూడా" అన్నాడు డ్రైవరు. "బుధవారం పొద్దున వచ్చి చూస్తే మేస్త్రీ గారి చోట్లో పొలుసులు మెరుస్తున్నాయి. జమ్ములో గాలం చిక్కుకుని ఉంది. తీసుకెళ్ళి పెద్దాయనకిచ్చాను. అప్పుడు కాంపౌండరు గారు కూడా అక్కడే ఉన్నారు. ఇయ్యకపోయినా బాగుండేదనిపిస్తోంది మేడమ్, నిజం చెప్తున్నా."

"మీరు ఇక్కడినుంచి ఎప్పుడూ చేప పట్టుకెళ్ళలేదా?"

డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. "మొదటి నెలలో రెండు. టిఫిను సంచిలో. తెలీక చేశాను. పెద్దాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఇక్కడ పద్ధతులు నేర్చుకోడానికి డ్రైవింగు నేర్చుకున్నంత టైము పట్టింది. ఒకరోజు మేస్త్రీ గారికి పెద్ద చేప పడింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నా. నా దారం నీళ్ళలోనే ఉంది. ఎదుటి ఒడ్డునుంచి కాంపౌండరు గారు ఒక్క అరుపు అరిచారు చూడండి! ఒకరికి పెద్ద చేప పడితే మిగతావాళ్ళు ఆ క్షణంలోనే దారాలు పైకి లాగేయాలట. లేకపోతే చేప వచ్చి చుట్టుకుంటుందట. దారం పైకి తీసి, కర్ర కింద పెట్టి, అప్పుడు చూడాలట. వారం రోజులు నన్ను గేటు దాటనివ్వలేదు."

"కాంపౌండరు గారా?"

"ఇక్కడ పద్ధతులన్నీ పెట్టింది ఆయనే మేడమ్. పెద్దాయన గుంట ఇచ్చారు, ఈయన బుద్ధి నేర్పారు. ఇప్పుడు నాకూ చేప పడగానే చెయ్యి దానంతటదే చుట్టేస్తుంది. పక్కనున్నవాడికి పడినా సరే."

మాస్టారు డ్రైవరు పెట్టెలోని పెద్ద పటకారు అడిగి తీసుకున్నారు. దాని పళ్ళ మీద కాగితం వేసి మెత్తటి పెన్సిలుతో రుద్దారు. ముతక గళ్ళు కాగితం మీదికి దిగాయి. ఎందుకో ఆయనకీ తెలీదు, ఆవిడ కళ్ళతో చెప్పింది, ఆయన చేశారు.

బట్టీ ఆఫీసు గది ఇంకా ఉంది. ఇటుకల అచ్చులు ఒక మూల, తుప్పు పట్టిన తూకం ఒక మూల. మోకాళ్ళు పట్టేసి చాలా ఏళ్ళుగా గాలం పట్టని పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళు చూస్తూ మాట్లాడాడు. ముందున్న చిన్న గిన్నెలో ఉడికించిన గింజలు ఆరిపోయి ఉన్నాయి.

"గాలం చూడనిస్తారా?"

ఆయన కవరులోంచి తీసి ఇచ్చాడు. జానెడు నైలాను దారం, చివర గాలం. ముల్లు నొక్కలేదు, పదునుగా ఉంది. ముడి దగ్గర చుట్లు యంత్రం చుట్టినట్టు సమంగా ఉన్నాయి, వాటి మీద జిగురు చుక్క. గాలం కాడకున్న గోధుమరంగు పూత ఒకచోట గీసుకుపోయింది.

"మేస్త్రీ గారిని అడిగారా?" అంది ఇన్సూరెన్సమ్మ.

"అడగడానికేముంది? కాంపౌండరు చూశాడు. వాడూ నేనూ పలకలు పట్టుకుని ఒకే బడికెళ్ళాం. వాడి మాట నాకు నా కంటితో సమానం." పెద్దాయన గింజల గిన్నె పక్కకి నెట్టాడు. "ఆ మేస్త్రీని నేను ఇంటి మనిషిలా చూశానమ్మా. గేటు తాళం చేతిలో పెట్టాను. ముక్కుపుడక నా చేతికొచ్చి గింజలు తినేది. దాన్ని గోనెలో వేసుకుపోడానికి మనసెలా ఒప్పింది?"

ఆవిడ గాలం ఆదివారం దాకా అరువడిగి, చీటీ రాసిచ్చి తీసుకుంది.

కాంపౌండరు ఇంటి ముందుగది మందుల కొట్టంత శుభ్రంగా ఉంది. సీసాలు లేవు గానీ బల్ల మీద పత్రికలు కూడా అంచులు కలిపి పెట్టి ఉన్నాయి. కోడలు మూడు కప్పుల టీ పెట్టి వెళ్ళింది. కాంపౌండరు డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, తెల్లటి చొక్కా, రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి.

"చెప్పినదే మళ్ళీ చెప్పాలామ్మా? బాధగా ఉంటుంది."

"మా మాస్టారు బొమ్మ గీసుకుంటారు. ఒక్కసారి చెప్పండి."

"మంగళవారం మూడయింది. నేను నా చోట్లో కూర్చున్నాను. దారానికి కట్టిన నా బెండు నీళ్ళ మీద నిటారుగా తేలుతోంది, ఎర్ర కొస కదలడం లేదు. ఒక కన్ను దాని మీదే. ఎదుట మేస్త్రీ గాలపు కర్ర విల్లులా వంగింది. పావుగంట పెనుగులాడాడు. నా బెండు మాత్రం అలాగే నిలబడి ఉంది, ఒక్క మునక లేదు. ఇవాళ నాకేం పడదులే అనుకుంటూ చూస్తున్నాను. వాడు దాన్ని ఒడ్డుకి లాగాడు. ముక్కు పక్కన తెల్లచుక్క ఇక్కడికి కనపడింది. నీళ్ళలోకి వదులుతాడనుకున్నాను. గోనెసంచి తీశాడు. నా నోట మాట రాలేదమ్మా."

మాస్టారు వేగంగా గీశారు. గుంట, పొగగొట్టం, వంగిన కర్ర, గోనెసంచి. ఈ ఒడ్డున కాంపౌండరు, ఆయన దారం, నీళ్ళ మీద నిటారుగా బెండు. కొసకి ఎర్ర పెన్సిలు కూడా వాడారు.

"మీ గాలాల పెట్టె చూడొచ్చా?"

"ఆ బల్ల కింద ఉంది, తీసుకోండి."

ఆవిడే వంగి తీసింది. గాలాలన్నీ ముళ్ళు నొక్కి, వరసగా అట్టకి గుచ్చి ఉన్నాయి. కాడల దగ్గర ముడులు ముచ్చటగా ఉన్నాయి, ప్రతి ముడికీ దారం కొస సన్నగా కాల్చి ఉంది. పక్కన మెరిసే ఫోర్‌సెప్స్ ఒకటి.

"మా ఆసుపత్రి రోజులది. చేప నోట్లోంచి గాలం తీయడానికి ఇంతకంటే మంచిది లేదు" అన్నాడు కాంపౌండరు.

"ముడులు ఎంత బాగున్నాయి! మీరే కట్టుకుంటారా?"

"నేనే. అలవాటు."

మాస్టారు ఫోర్‌సెప్స్ పళ్ళ మీద కాగితం వేసి పెన్సిలుతో రుద్దారు. సన్నటి అడ్డగీతలు, దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా వచ్చాయి. వాళ్ళు లేచేసరికి రెండు కప్పులు ఖాళీ. కాంపౌండరు కప్పు మాత్రం పోసినది పోసినట్టు ఉంది. పైన మీగడ కట్టింది.

"సాక్షి గట్టివాడు మేడమ్. ఏ వివరం అడిగినా ఉంది" అన్నారు మాస్టారు వీధిలోకి రాగానే, దిగులుగా.

"అవును, ఎక్కువే ఉంది" అని ఆవిడ ఆయన చేతిలోంచి బొమ్మ తీసుకుంది. బస్సు వచ్చేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

శనివారం పొద్దున మెట్ల కింద కొట్లో ముగ్గురికి చోటు చాలలేదు. మాస్టారు మెట్టు మీద కూర్చున్నారు. గాలం మేస్త్రీ చేతిలో పెడితే, ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది కొట్లో అమ్మే గాలమండి, దారం ముందే కట్టి అట్ట మీద వస్తుంది. చుట్లు చూడండి, చేత్తో ఇలా రావు. జిగురు కూడా వేశారు. గాలం కట్టుకోవడం వచ్చినవాడు ఇది కొనడు. కాడ మీద గీతలున్నాయి. సన్నటి పళ్ళున్న దేనితోనో గట్టిగా పట్టి, మెలిపెట్టి లాగారు. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు జారింది."

"మీ పట్టకార్లు?"

"నావన్నీ నున్నవి. పళ్ళుంటే గడియారం భాగాలు గీసుకుపోతాయి." వరసగా తీసి చూపించాడు. ఏ ఒక్కదానికీ పళ్ళు లేవు.

ఆవిడ ఆయన గాలాల అట్ట చూసింది. ముచ్చటైన ముడులు, సన్నగా కాల్చిన దారం కొసలు.

"ఇలాంటి ముడులు ఇంకెక్కడైనా ఉంటాయా?"

మేస్త్రీ భూతద్దం తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "ఇంకొకరికి కూడా కట్టిస్తాను. రెండేళ్ళయింది. ఎవరికని అడక్కండమ్మా. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"రేపు మీ పేరు బోర్డెక్కుతోంది. ఇప్పుడు కూడా చెప్పరా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు మేస్త్రీ. ఆయనకి నిజంగా తెలీదు.

ఇన్సూరెన్సమ్మ చాలాసేపు ఆయన వైపు చూసింది. "వద్దులెండి, చెప్పకండి" అంది.

ఆదివారం పదింటికి బట్టీ ఆఫీసు గదిలో అందరూ చేరారు. బోర్డు గోడకి ఆనించి ఉంది, రాత గోడవైపు తిప్పి. పెద్దాయన కిటికీ దగ్గర, పక్కనే కాంపౌండరు. డ్రైవరు తలుపు దగ్గర. మేస్త్రీ లోపలికొచ్చి నమస్కారం పెట్టాడు. పెద్దాయన చూపు తిప్పుకున్నాడు.

"ఆ బోర్డు వేళ్ళాడదీసే ముందు ఒక బొమ్మ చూడండి" అంటూ ఇన్సూరెన్సమ్మ మాస్టారి కాగితం బల్ల మీద పరిచింది. "కాంపౌండరు గారు మాకు చెప్పింది చెప్పినట్టు గీసిన బొమ్మ. ఇందులో ఒక వింత ఉంది. నేను గాలం పట్టినదాన్ని కాదు, నాకు కనపడటానికి ఒక రోజు పట్టింది. మీకు పట్టదు."

డ్రైవరు మెడ చాచాడు. "ఇదేంటి, కాంపౌండరు గారి దారం నీళ్ళలో ఉంది!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

పెద్దాయన నెమ్మదిగా కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"బొమ్మ తప్పు" అన్నాడు కాంపౌండరు.

మాస్టారు జీవితంలో మొదటిసారి కోపంగా లేచారు. పుస్తకం తెరిచి చదివారు: "'నా బెండు మాత్రం అలాగే నిలబడి ఉంది, ఒక్క మునక లేదు. ఇవాళ నాకేం పడదులే అనుకుంటూ చూస్తున్నాను.' మీ మాటలే సార్. అక్షరం మార్చలేదు."

"తీసే ఉంటాను. వయసు మీద పడింది, మర్చిపోయాను."

"మీరు మర్చిపోరు" అంది ఇన్సూరెన్సమ్మ. "ఆ పద్ధతి పెట్టిందే మీరు. ఇంకొకరి కర్ర వంగితే మీ చెయ్యి మీరు చెప్పకుండానే దారం చుట్టేస్తుంది. పావుగంట పెనుగులాట నిజంగా చూసి ఉంటే మీ బెండు మీ ఒళ్ళో ఉండేది. చూడని సంగతి చెప్పేవాడికే అక్కడ తానున్నట్టు నమ్మించే వివరాలు కావాలి. మీకు బాగా తెలిసిన వస్తువు మీ బెండు. దాన్ని తెచ్చి పెట్టారు. మేస్త్రీ గారికి చేప పడలేదు, మీరు చూడలేదు. మరి ఆ చోట్లోకి పొలుసులెలా వచ్చాయి?"

కవరులోంచి గాలం తీసి బొమ్మ మీద పెట్టింది.

"ఇది దారం ముందే కట్టి అమ్మే గాలం. ముడి వేసుకోవడం వచ్చినవాళ్ళకి అవసరం లేదు. మేస్త్రీ గారికి వచ్చు. డ్రైవరు ఆ రోజంతా బస్సులో ఉన్నారు. కాంపౌండరు గారూ, మీ పెట్టెలో ముడులు మీరే కట్టానన్నారు. ఇదిగో దారం. ఒక్కటి కట్టండి."

కాంపౌండరు కదల్లేదు. ఒళ్ళో పైచెయ్యి కిందిచేతిని గట్టిగా పట్టుకుంది. అయినా రెండూ వణుకుతున్నాయి. పెద్దాయన ఆ చేతులవైపు మొదటిసారి చూసినట్టు చూశాడు.

"మొన్న మీ టీ కూడా తాగలేదు మీరు. మా ఎదుట కప్పు ఎత్తితే తెలిసిపోతుందని. ఇక ఈ కాడ మీద గీతలు, మాస్టారి కాగితం మీద మీ ఫోర్‌సెప్స్ గీతలు పక్కపక్కన చూడండి. డ్రైవరు గారి పటకారు గళ్ళు ముతక. మేస్త్రీ గారి పట్టకార్లకి పళ్ళే లేవు. ఎక్కడ పెట్టారు ముక్కుపుడకని?"

పెద్దాయన ఆ కాగితం తీసుకుని గాలం పక్కన పెట్టి చూశాడు.

"బట్టీ వెనక బూడిద గోతిలో" అన్నాడు కాంపౌండరు. "పైన విరిగిన ఇటుకలు పేర్చాను." ఆ తర్వాత ఆగలేదు. "రెండేళ్ళుగా చేతులిలా అయిపోయాయి. ముల్లు లేని గాలానికి చేప పడితే దారం బిగువు సడలకూడదు. నా చేతిలో నిలవదు. రెండేళ్ళలో ఒక్క చేప ఒడ్డుకి రాలేదురా. మీ అందరికీ పద్ధతులు నేర్పినవాణ్ణి, ఖాళీ కర్ర పట్టుకుని కూర్చుంటున్నాను. ఒక్కసారి, ఆ ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుని వదిలేద్దామనుకున్నాను. కొట్లో కొన్న గాలం, ముల్లు నొక్కకుండా వేశాను. మేస్త్రీ వెళ్ళాక, వాడి చోట్లోంచే. అది లోతు కదా, పైగా పొగగొట్టం అడ్డం, గేటు దగ్గరికీ ఈ కిటికీకీ కనపడదు. మింగేసింది. గొంతులోకి పోయింది. తీయబోతే ఈ చేతులు... చచ్చిపోయిందిరా, నా ఒళ్ళోనే చచ్చిపోయింది. ఊడొచ్చిన గాలం ఎటు పడిందో కనపడలేదు. మర్నాడు డ్రైవరు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాడు. నువ్వు 'ఎవరిదిరా ఇది' అని నా ముఖంలోకి చూశావు. నోటికొచ్చిన పేరు చెప్పేశాను."

"నోటికొచ్చిన పేరు ఎవరిదో చెప్పండి" అంది ఇన్సూరెన్సమ్మ. ఆవిడ గొంతులో కోపం మాస్టారు అంతకుముందు వినలేదు. "మీ చేతులు వణుకుతున్నాయని బయటికి తెలీకుండా రెండేళ్ళు మీ గాలాలు కట్టిన మనిషిది. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. నిన్న నేనడిగితే, బోర్డెక్కబోతూ కూడా ఆయన మీ పేరు చెప్పలేదు."

కాంపౌండరు మేస్త్రీ వైపు చూడలేకపోయాడు.

పెద్దాయన నీళ్ళవైపు తిరిగిపోయాడు. ఆయన వీపు మాత్రమే అందరికీ కనపడింది. "నాతో చెప్పలేకపోయావా? చేపేగదరా. నీకంటే ఎక్కువా నాకు?"

"చెబితే మళ్ళీ గేటు దాటనిచ్చేవాడివా?" అన్నాడు కాంపౌండరు.

దాటనిచ్చేవాడు కాదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు పెద్దాయనే. అరవయ్యేళ్ళ స్నేహం ఆయన కళ్ళముందే తేలిపోయింది. అది చేపపోయినదానికంటే పెద్ద దెబ్బ. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే బోర్డు చంకలో పెట్టుకుని బయటికి తీసుకుపోయాడు. కాంపౌండరు లేచి, గోడ పట్టుకుని, అతని వెనకే వెళ్ళాడు. ఆపిన వాళ్ళు లేరు.

కొంతసేపటికి పెద్దాయన మోకాళ్ళ మీద చేతులాన్చి కష్టంగా లేచాడు. నడిచి మేస్త్రీ ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"మేస్త్రీ, తప్పయిపోయింది. రేపట్నించి రండి. ఆ చోటు మీదే. మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు."

"మంచిదండి" అన్నాడు మేస్త్రీ. "నేను రాను."

"వాడు నన్ను మోసం చేశాడయ్యా! అరవయ్యేళ్ళు తెలిసినవాడు. వాడు చెబితే నమ్మక ఏం చెయ్యను?"

మేస్త్రీ గొంతు పెంచలేదు. ఆయన ఏ రోజూ గొంతు పెంచే మనిషి కాదు.

"ఆయన భయపడి అబద్ధం చెప్పాడండి. భయం నాకు అర్థమవుతుంది. మీకు ఏ భయమూ లేదు. నేను నడిచొస్తే పది నిమిషాల దూరంలో ఉన్నాను. మనిషిని పంపిస్తే వచ్చేవాణ్ణి. 'నువ్వు చేశావా?' అని ఒక్క మాట. ఆయనవి అరవయ్యేళ్ళు, సరే. నావి పంతొమ్మిది. ఎన్నేళ్ళయితే అడుగుతారండీ?"



మేస్త్రీ ఇన్సూరెన్సమ్మకీ మాస్టారికీ నమస్కారం చేశాడు. ఆదివారమైనా ఒకరికి వాచీ ఇవ్వాల్సి ఉందని చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు.